ఢావ్లో మీద డీజే

ఆదివారం పొద్దున ఏడు గంటలకు అమీన్‌పూర్ పెద్ద చెరువు కట్ట మీదికి పోతే ఒక్క షూటింగైనా కనబడకుండా ఉండదు. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు ఒకవైపు. పిట్టల కోసం వచ్చినవాళ్లు ఇంకోవైపు. 2016లో ఈ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కాబట్టి పొడుగు లెన్సులు పట్టుకుని వచ్చేవాళ్లకు ఇక్కడ లోటు లేదు. మూడో గుంపు మన పిల్లలది. నారాయణఖేడ్, కంగ్టి, సిర్గాపూర్ దిక్కు తండాల నుంచి వచ్చి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసే లంబాడ పిల్లలు. ఒకడి చేతిలో ఫోను, దాన్ని వణకకుండా పట్టుకునే గింబల్. ఇంకొకడి చేతిలో బ్లూటూత్ స్పీకర్. అద్దెకు తెచ్చిన ఫేటియా, కాంచళి వేసుకున్న ఒక అమ్మాయి. పాట ముందే స్టూడియోలో రికార్డయి ఉంటుంది. దానికి పెదాలు కదిపి, పది దిక్కుల నుంచి తీసి, ఎండ ముదరకముందే ముగించాలి. మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు ఉంటుంది.

ఈ వ్యాసం ఆ వీడియోల గురించి. మన సాహిత్య సభల్లో వీటి మాట ఎత్తితే పెద్దలు నవ్వుతారు, లేదా సంస్కృతి పాడైపోతున్నదని బాధపడతారు. రెండూ నాకు సరిపోవు. మన పుస్తకాలు అయిదు వందల కాపీలు వేస్తే మూడు వందలు అటక మీదే ఉంటాయి. ఆ పిల్లల పాట వారం రోజుల్లో తండాతండాకూ చేరుతుంది. మా అమ్మకు చదువు రాదు. నేను రాసిన ఒక్క వాక్యం కూడా ఆమెకు తెలియదు కానీ ఆ పాటలు ఆమె చూస్తుంది, బాగలేకపోతే తిడుతుంది కూడా. అంటే విమర్శ ఇప్పటికే నడుస్తున్నది. రాసేవాళ్లమే అందులో లేము.

ముందు నా ఫిర్యాదు చెప్తాను. గోర్ బోలి పాటల వీడియోలు నేను చాలా చూశాను. వరుసగా పది చూస్తే ఒక అచ్చు కనబడుతుంది. పైనుంచి డ్రోన్, పచ్చని పొలం, బిందె పట్టుకుని నడిచే అమ్మాయి, బైకు మీద వచ్చే అబ్బాయి, ఇద్దరి వెనక ఆరుగురు డ్యాన్సర్లు. మాటలు మనవి, అచ్చు సినిమాది. అందులో తండా ఉంటుంది కానీ తండాలో ఎవరూ పని చేయరు. చెరకు కొట్టడానికి జహీరాబాద్ దిక్కో కర్ణాటకకో పోయే బండ్లు ఉండవు. ఇంటికి వేసిన తాళం ఉండదు. ముసలివాళ్లూ పిల్లలూ మాత్రమే మిగిలిన వాడ ఉండదు. మనవాళ్ల గురించి బయటివాళ్లు తీసిన సినిమాల్లో మనం ఎట్లా ఉన్నామో మనం తీసుకున్న వీడియోల్లోనూ అట్లే ఉన్నాం: అద్దాల బట్టలు వేసుకుని నిప్పు చుట్టూ ఎగిరేవాళ్లం.

బట్టలు అద్దెవి అయినందుకు నాకు కోపం లేదు. మా ఇంట్లో అమ్మ తర్వాత ఎవరూ ఫేటియా కట్టలేదు. అమ్మ కూడా ఇప్పుడు పండుగకే కడుతుంది, బరువు మోయలేనంటుంది. ఆ బరువు ఎక్కడినుంచి వచ్చింది, ఒక్కొక్క అద్దం కుట్టడానికి ఎన్ని రాత్రులు పట్టింది అన్నది ఒక్క వీడియోలో కూడా ఎందుకు రాదన్నదే నా ప్రశ్న. అద్దె ఫేటియాలో అద్దాల బదులు మెరిసే ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. కెమెరాకు తేడా తెలియదు. మా అమ్మకు తెలుస్తుంది.

పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. "కాకా, కొత్త కాన్సెప్ట్ ఏదైనా చెప్పు" అంటారు. పుస్తకాలు చదివేవాడి దగ్గర కాన్సెప్టులు మూటగట్టి ఉంటాయని వాళ్ల నమ్మకం. మొదట్లో నేను మై విలేజ్ షో పేరు చెప్పేవాణ్ని. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ఛానల్ అది. బడిలో పాఠాలు చెప్పిన అనిల్ జీల అందులో నటుడయ్యాడు. కూలికి పోయి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వ 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా పోయింది. వాళ్లు సాధించింది చిన్నది కాదు. తెలుగు సినిమాలో చాలా ఏండ్లు రౌడీకో జోకర్‌కో మాత్రమే దొరికిన తెలంగాణ మాటను వాళ్లు ఇంటి మాటగా చేసి చూపించారు. గంగవ్వకు ఎవరూ డైలాగు నేర్పినట్టు ఉండదు. కూర్చున్న అరుగు ఆమెదే, తిట్టు ఆమెదే, నవ్వు ఆమెదే. పాత వీడియోల్లో వెలుతురు సరిగా ఉండదు, మాట గాలికి పోతుంది, అయినా చూస్తాం.

కానీ ఆ ఉదాహరణ చెప్పి నేను పొరపాటు చేశాను. మన పిల్లలు అక్కడినుంచి తెచ్చుకున్నది అరుగును కాదు, జోకును. తండా ముసలమ్మను పట్టుకుని ఇంగ్లిషు మాటలు పలికించి నవ్వించడం మొదలైంది. ఆ ఊరి పేరులో లంబాడి ఉంది, ఛానల్ మాట తెలుగు. మన మాటకు తెరమీద ఇల్లు కట్టే పని అక్కడ జరగలేదు, జరగాలని అడగడం కూడా న్యాయం కాదు. అది మన పని.

మంగ్లి పేరు కూడా చెప్పాలి, లేకుంటే పిల్లలు ఒప్పుకోరు. అనంతపురం జిల్లా గుత్తి దగ్గరి బసినేపల్లి తండాలో పుట్టిన సత్యవతి రాథోడ్ వీ6 టీవీలో మాటకారి మంగ్లి అయి, తర్వాత పండుగ పండుగకూ ఒక పాటతో యూట్యూబ్‌లో నిలబడి, అక్కడినుంచి సినిమాకు పోయింది. సినిమా పిలిచేదాకా ఆగకుండా తన పాట తానే జనం ముందు పెట్టడం ఆమె చూపిన దారి. ఆ దారిలో ఇప్పుడు వందల మంది నడుస్తున్నారు. గొంతు ఆమెది కాబట్టి ఆమెకు సాగింది. వెనక నడిచేవాళ్లు గొంతును వదిలేసి చీర రంగును, సెట్టును పట్టుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మనకు ఢావ్లో ఉంది. ఈ పుస్తకం చదివే కోయ, గోండు, ఎరుకల మిత్రుల కోసం చెప్తున్నాను: పెళ్లయి తండా విడిచిపోయే పిల్ల తనవాళ్లను ఒక్కొక్కరిని పట్టుకుని ఏడుస్తూ పాడే పాట ఢావ్లో. ఎద్దు మీద నిలబెడితే చేతులెత్తి తండాకూ నాయక్‌కూ దీవెన చెప్తూ పాడేది హవేలి. పెళ్లికి ముందు పెద్ద ఆడవాళ్లు పిల్లకు ఢావ్లో నేర్పుతారు. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ఏడుపును నేర్పడమేమిటని. నేర్పేది ఏడుపును కాదు. రాగం ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎవరిని ముందు పట్టుకోవాలి అన్నది నేర్పుతారు. మాటలు చాలావరకు పిల్ల తెచ్చుకోవాలి. తండ్రి ముందు పాడింది అన్న ముందు పాడడానికి పనికిరాదు. తన ఇంటి గడప, తాను మేపిన మేక, తనతో నీళ్లకు వచ్చిన దోస్తు, తనను కొట్టిన అమ్మ అందులోకి రావాలి. నిలబడ్డ చోట, ఎదురుగా ఉన్న మనిషి కండ్లలోకి చూస్తూ కట్టాలి. ఒకసారి పాడింది మళ్లీ రాదు.

రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి ఢావ్లో అని పేరు పెట్టుకున్నాడు. దానికే 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పేరు పెట్టడంలో మంచి తెలివి ఉందని నా అభిప్రాయం. తెలుగు కథ చేసే పనిని మన ఆడపిల్లలు ఎద్దు మీద నిలబడి ఎప్పటినుంచో చేస్తున్నారని ఆ పేరు చెప్తుంది. వీడియో తీసే పిల్లలు ఆ పుస్తకం చదవలేదు. చదవమని వెంటపడను. కానీ వాళ్లు వెతికే కాన్సెప్ట్ అంతా ఆ ఒక్క పద్ధతిలో ఉంది: ఎవరికి చెప్తున్నావో తేల్చుకో, వాళ్లకూ నీకూ మధ్య ఉన్న ఒక్క వస్తువును పట్టుకో, రాగం మాత్రం పెద్దల దగ్గర నేర్చుకో.

జరిగింది మాత్రం వేరే. రెండేండ్ల కింద మా అన్న బిడ్డ పెళ్లయింది. పెళ్లి తండాలోనే చేశాము. ఆమె పుట్టింది పెరిగింది బీరంగూడ గుట్ట కింది కిరాయి గదుల్లో, గోర్ బోలి తడబడుతూ మాట్లాడుతుంది. ఢావ్లో పాడదని అందరం అనుకున్నాం. మా అమ్మ నెల రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆ పొద్దు ఆమె తండ్రిని పట్టుకుని పాడింది. మా అన్న కంపెనీలో పనిచేసి వచ్చాక సబ్బుతో ఎంత తోమినా చేతుల మందు వాసన పోయేది కాదు. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం కలిపి పెడితే వద్దని ఏడ్చేదట. ఆ ముద్దను ఇప్పుడు ఎవరు పెడతారని పాడింది. గోర్ బోలిలో మందు వాసనకు మాట దొరకక తెలుగు మాటే వేసింది. అంత మంచి ఢావ్లో నేను వినలేదు. మా అమ్మ కాలంలో కంపెనీ లేదు, మా అమ్మ ఢావ్లోలో కంపెనీ రాలేదు. నేర్పిన రాగంలో నేర్పని బతుకు వచ్చి కూర్చుంది.

మా చుట్టాల పిల్లాడు ఒకడు దాన్ని ఫోనులో తీశాడు. తప్పు లేదు, అందరూ తీస్తున్నారు. పది రోజుల తర్వాత ఆ ఏడుపు కింద డప్పులూ డీజే దెబ్బలూ వేసి, నలభై సెకన్లకు కోసి ఛానల్లో పెట్టాడు. మందు వాసన మాట కోతలో పోయింది. ముఖం మీదికి జూమ్ చేసిన ఏడుపు మిగిలింది. వేరే పిల్లలు ఆ ముక్క తీసుకుని దానిమీద డ్యాన్స్ చేసి తమ ముక్కలు పెట్టారు. అత్తగారి ఇంట్లో ఆడబిడ్డ ఫోనులో పిల్ల చూసుకుంది. నాకు ఫోన్ చేసింది.

"కాకా, నేను ఏడ్చింది మా నాయిన కోసం. వాళ్లెవరో దానిమీద ఎగురుతున్నరు."

పిల్లాణ్ని పిలిచి అడిగాను. వాడు దొంగవాడు కాదు. రాత్రి షిఫ్టు చేసి పగలు ఎడిటింగ్ చేస్తాడు, అద్దెకు పోగా మిగిలింది స్టూడియోకు కడతాడు. వాడి లెక్క వాడు చెప్పాడు. ప్రకటనల డబ్బు రావాలంటే యూట్యూబ్‌లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేకపోతే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. నాలుగు నిమిషాల పాటను ఆసాంతం చూసినా 60,000 సార్లు చూడాలి. సగంలో వదిలేస్తే దానికి రెట్టింపు. "ఏడుపు ఆగకుండ చూస్తరు కాకా. ఉత్తగ మాట్లాడితె వేలు పెట్టి పైకి తోస్తరు" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. నేను కూడా ఫోనులో అట్లే చేస్తాను. వీడియో తీసెయ్యమన్నాను, తీసేశాడు. వేరేవాళ్లు పెట్టిన ముక్కలు ఇంకా తిరుగుతున్నాయి.

ఇక్కడ ఒక పక్కమాట. కోయల డోలి గాయకులు పడిగె అనే గుడ్డ మీద బొమ్మల వరుసను చూపుతూ కథ పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య ఆ విద్యలో పెద్దవాడు. బొమ్మ, గొంతు, చూపించే చెయ్యి మూడూ కలిసినదే కదా వీడియో. పడిగె మీద ఉన్నది ఒక గట్టు వాళ్ల కథ. దాన్ని ఎవరి ముందు విప్పాలో, ఎప్పుడు విప్పాలో, విప్పే ముందు ఎవరికి మొక్కాలో పద్ధతి ఉంటుంది. 1940లలో హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల బతుకును ఫొటోలు, సినిమా రీళ్లు తీశాడు. అవి లండన్‌లో స్వాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ బొమ్మల్లోని మనుషులను ఎవరు ఏమి అడిగారో మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. అడిగే అలవాటు మన చేతికి ఫోను వచ్చినాక కూడా రాకపోతే కెమెరా చేతులు మారిందంతే. చుట్టమైనంత మాత్రాన పిల్ల ఏడుపు మీద హక్కు రాదు. తండాలో ఢావ్లో అందరి ముందే పాడతారు, నిజమే. కానీ ఆ అందరికీ ఆమె తండ్రి ఎవరో తెలుసు.

ఒక మాట నాకు అడ్డం వస్తుంది, దాచను. తీయకపోతే ఏమవుతుంది? మా అమ్మ పోతే ఆ రాగం పోతుంది. ఇప్పటి పెళ్లిళ్లలో ఫంక్షన్ హాలు టైము అయిపోతుందని ఢావ్లోను రెండు నిమిషాల్లో ముగించేస్తున్నారు. కొన్ని పెళ్లిళ్లలో పిల్ల పాడదు, స్పీకర్‌లో పెడతారు. గోర్ బోలికి సొంత లిపి లేక మనం తెలుగులో రాస్తాం, మహారాష్ట్రలోని మనవాళ్లు నాగరిలో రాస్తారు, కాగితం మీద ఒకరిది ఒకరం చదువుకోలేం. వీడియోకు ఆ అడ్డు లేదు. యవత్మాల్‌లో పాడితే నారాయణఖేడ్‌లో అర్థమవుతుంది. అందుకే వీడియో వద్దనేవాళ్లతో నేను కలవను. డీజేతో కోసిన ముక్క కన్నా కోయని పావుగంట మేలంటాను. దానికి వ్యూస్ రావని పిల్లలు అంటారు. రావు.

నిరుడు ఎండాకాలంలో ఒక పిల్లాడు నాకు ఒక వీడియో పంపాడు, నాలుగు నిమిషాలది. వాళ్లమ్మ తండా నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది. అమీన్‌పూర్‌లో ఒకటే గది, గ్యాస్ పొయ్యి, పక్కన బకెట్. ఆమె జొన్నబాటీ చేస్తున్నది. కట్టెల పొయ్యికి అలవాటుపడ్డ చెయ్యి, మంట ఎంత పెట్టాలో తెలియక మాటిమాటికి వంగి చూస్తున్నది. కొడుకు కెమెరా వెనక నుంచి గోర్ బోలిలో మాట్లాడుతుంటాడు. రెండు బాటీలు మాడాయి. ఇరుకు కిటికీలోంచి ఏదో వాసన వచ్చినట్టుంది, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇదేమి వాసన అని అడిగింది. వాడు బొల్లారం గాలి యాడీ అన్నాడు. "నువ్వు రోజూ దీన్నే పీలుస్తున్నవా" అన్నది. వాడు మాట్లాడలేదు. ఆమె మూడో బాటీ తట్టడం మొదలుపెట్టింది. అక్కడితో అయిపోయింది.

లోపాలు ఉన్నాయి. మొదటి నిమిషం అనవసరం, గదిని చూపించడానికి కెమెరా గిర్రున తిప్పాడు. చివర్లో బాధ పుట్టించే పిల్లనగ్రోవి సంగీతం ఎక్కడినుంచో తెచ్చి అంటించాడు, తల్లి మాట తర్వాత ఆ సంగీతం మన చెయ్యి పట్టుకుని ఇక ఏడువు అన్నట్టు ఉంటుంది. అయినా గాలి కెమెరాకు చిక్కదు, వాసన అసలే చిక్కదు. ఈ పారిశ్రామిక వాడ గురించి, కాజిపల్లి చెరువు నీళ్ల గురించి కోర్టుల దాకా పోయిన కాగితాలు ఎన్నో ఉన్నాయి. ఒక తల్లి కొంగు అడ్డం పెట్టుకోవడంతో ఆ వాసన నాకు తగిలింది. మా అన్న బిడ్డ ఢావ్లోలోని మందు వాసనే ఇదీ. ఆ పిల్లాడు ఆ పెళ్లికి రాలేదు, ఆ పాట వినలేదు. ఇద్దరూ ఒకే చోట బతికారు, ఎదురుగా ఉన్న ఒక మనిషికి చెప్పారు, అంతే.

ఆ వీడియోకు నేను చూసినప్పుడు 212 వ్యూస్ ఉన్నాయి. అందులో ఆరేడు నావే. వాడే అదే నెలలో చెరువు కట్ట మీద తీసిన ప్రేమ పాటకు లక్ష దాటాయి. రెండింటికీ వాడే ఎడిటింగ్ చేశాడు. ఏది బాగుందని అడిగితే పాట అన్నాడు. ఎందుకంటే అందులో కష్టపడ్డాడట, రంగులు దిద్దాడట. బాటీల వీడియో ఉత్తగనే వచ్చిందట. వాళ్లమ్మ ఎదురుగా ఉన్నది కాబట్టి వచ్చిందన్నాను. నమ్మినట్టు కనబడలేదు.

పోయిన తీజ్‌కు మా అన్న బిడ్డ పుట్టింటికి వచ్చింది. గోధుమ మొలకల బుట్టల ముందు ఆడపిల్లలు పాడుతుంటే బాటీల పిల్లాడు ఫోను తీసి జేబులోంచి పైకి ఎత్తాడు. ఆమె పాట ఆపి వాణ్ని చూసింది. "ఎందులో పెడతవ్?" అని అడిగింది. వాడు చెప్పాడు. "మ్యూజిక్ వేస్తవా?" అన్నది. వేయనన్నాడు. "కోస్తవా?" అన్నది. వాడు కాసేపు ఆలోచించి, కొంచెం కోయాల్సి వస్తుందన్నాడు. అయితే కోసినంక ముందు నాకు పంపు, పెట్టాల్నో వద్దో చెప్తానన్నది. మళ్లీ పాట ఎత్తుకున్నారు. వాడు పంపాడు, ఆమె రెండుసార్లు తిప్పి పంపింది. మూడోది ఇంకా ఆమె ఫోనులోనే ఉంది.